తొమ్మిదో అధ్యాయం: ఏటా వచ్చే వరద

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ మూడు అంకెలూ ఎక్కాలతో పాటే వచ్చేస్తాయి. వానాకాలంలో టీవీ అడుగున పరిగెత్తే అక్షరాల్లో అవే, టీకొట్టు దగ్గర కబుర్లలో అవే. నీళ్ళు తీశాక మళ్ళీ ఏడాది దాకా వాటిని ఎవరూ తలుచుకోరు. ఒక ఏప్రిల్లో మావయ్యని బండి వెనక కూర్చోబెట్టుకుని బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం వైపు వెళుతూ, "మావయ్యా, రెండో హెచ్చరిక ఎన్ని అడుగులకి?" అని అడిగాను. "ఇప్పుడెందుకురా ఆ గోల? కింద ఇసక తిన్నెలు కనపడతా ఉంటే" అన్నాడు.

నిజమే. హెచ్చరికల పట్టిక ఆఫీసులో ఎక్కడో ఉంటుంది. దాన్ని అలా ఉంచినందుకు ఏప్రిల్లో ఎవరికీ పైసా ఖర్చు లేదు. తెరిచి చూడాల్సిన రోజు వచ్చినప్పుడే దాని ఖరీదు తెలుస్తుంది.

ఈ పుస్తకం చదువుతున్నవాళ్ళలో చాలామంది ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్ళు దాటని ప్రోగ్రామర్లు. మీలో సగం మందిని ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగే ఉంటారు: ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ వల్ల పెర్ఫార్మెన్స్ దెబ్బతింటుందా? "తింటుందండి" అన్నవాళ్ళకీ ఉద్యోగం వచ్చింది, "తినదండి" అన్నవాళ్ళకీ వచ్చింది. అడిగినాయనకీ సరిగ్గా తెలియదు మరి. ఉద్యోగంలో చేరాక ఈ తెలియనితనం రెండు రకాలుగా బయటపడుతుంది. కొందరు స్పీడు పేరు చెప్పి ఉన్న ట్రై-క్యాచ్‌లన్నీ పీకేస్తారు. ఇంకొందరు ఎందుకైనా మంచిదని ప్రతి నాలుగు లైన్లకీ ఒకటి చుడతారు. ఈ రెండు పనులూ నేను చేశాను, వేర్వేరు సంవత్సరాల్లో.

పట్టిక గోడ మీద ఉన్నంతసేపూ

పాతకాలంలో, ఉదాహరణకి 32 బిట్ల విండోస్‌లో, ట్రై అనే గదిలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ ప్రోగ్రాము ఒక గొలుసులో తన పేరు నమోదు చేసుకుని, బయటికి వచ్చేటప్పుడు కొట్టేసుకునేది. కాలువ మీద లాకు దాటే ప్రతి పడవా రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళినట్టు. పడవ మునగకపోయినా సంతకం తప్పదు. మా మాస్టార్లు "ట్రై ఖరీదు, చూసి వాడండి" అని చెప్పింది ఆ రోజుల మాట. వాళ్ళు తప్పు చెప్పలేదు, మనం నోట్సు మార్చుకోలేదు, అంతే.

ఇప్పటి కంపైలర్లు ఎక్కువగా పట్టిక పద్ధతి పాటిస్తాయి. కోడ్‌లో ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ఏదైనా తేడా జరిగితే ఫలానా క్యాచ్ దగ్గరికి వెళ్ళాలి అని ఒక జాబితా తయారుచేసి పక్కన పెడతాయి. మామూలుగా నడిచేటప్పుడు ఆ జాబితాని ఎవరూ తెరవరు. దీనికే జీరో-కాస్ట్ అని పేరు. జావా క్లాస్ ఫైళ్ళలో మొదటి నుంచీ ఇలాంటి పట్టిక ఉంది. లినక్స్‌లో సీ ప్లస్ ప్లస్ చాలా ఏళ్ళుగా ఇదే దారి. పైథాన్ 2022 అక్టోబరులో వచ్చిన 3.11తో ఈ దారికి మారింది. దాంతో అక్కడ కూడా ట్రై అని రాసుకున్నందుకు పడే భారం దాదాపు పోయింది. పట్టిక వల్ల ఫైలు సైజు కొంత పెరుగుతుంది, కంపైలర్ చేసే కొన్ని సర్దుబాట్లకి అడ్డం పడుతుంది. వాటి గురించి నిద్ర పాడుచేసుకోవాల్సినవాళ్ళు ఈ పుస్తకం చదవరు.

కాబట్టి ఒక సంగతి తేలింది. ట్రై-క్యాచ్ పీకేసి స్పీడు పెంచానని ఎవరైనా చెబితే, ముందు కొలిచారా అని అడగండి.

గేట్లు ఎత్తిన రోజు

2022 జూలైలో మా ఊళ్ళ వాళ్ళకి లెక్క తప్పింది. పెద్ద వరద ఆగస్టులో కదా అనుకుంటూ ఉంటే జూలై నడిమికే మూడో హెచ్చరిక దాటింది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కుల పైన నీరు. బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలు, మొత్తం 175 గేట్లు. అన్నీ ఎత్తేశారు. 1986 ఆగస్టులో అయితే సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఆ ఏడాది గట్లకి గండ్లు పడ్డాయి. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కాలాన్ని ఇప్పటికీ ఎనభయ్యారుకి ముందు, తరవాత అని విడగొట్టి చెబుతారు.

వరద రోజున నది మధ్య లంకల్లో జరిగే పని చూడండి. మొదట ఎవరో ఒకరు తిరిగి, ఎక్కడి బడి ఖాళీగా ఉంది, ఎక్కడ జనాన్ని దించవచ్చు అని కనుక్కుంటారు. అది ఖాయమయ్యాక రెండో విడత పడవలు కదులుతాయి. దారిలో ప్రతి ఇంటి దగ్గరా ఆగాలి. గొడ్లని విప్పాలి, ధాన్యం బస్తాలు అటక మీదికి ఎక్కించాలి, కరెంటు తీసేయాలి, తలుపు తాళం వేయాలి. అప్పుడే పడవ ముందుకి.

సీ ప్లస్ ప్లస్‌లో ఎక్సెప్షన్ విసిరితే సరిగ్గా ఇదే జరుగుతుంది, ఇదే వరసలో. మెయిన్ ఒక ఫంక్షన్‌ని పిలిచింది, అది ఇంకోదాన్ని, అది మరోదాన్ని. పదో మెట్టు మీద తేడా వచ్చింది. మొదటి విడతలో ఒక్కో మెట్టే పైకి ఎక్కుతూ, పట్టిక తెరిచి, "దీన్ని పట్టుకునేవాడు ఇక్కడ ఉన్నాడా?" అని వెతుకుతారు. ఫలానా మెట్టు మీద ఉన్నాడని తేలాక మళ్ళీ మొదటి నుంచి రెండో విడత: తెరిచిన ఫైళ్ళు మూసి, తీసుకున్న మెమరీ తిరిగి ఇచ్చి, వేసిన తాళాలు తీసి ఒక్కో మెట్టూ ఖాళీ చేసుకుంటూ పోవడం. దీన్ని స్టాక్ అన్‌వైండింగ్ అంటారు.

మామూలుగా ఒక ఫంక్షన్ పని ముగించుకుని జవాబు చేతికిచ్చి వెనక్కి రావడానికి పట్టేది నానోసెకన్లు. విసిరి పట్టుకోవడానికి ఒక మైక్రోసెకను, మెట్లు ఎక్కువైతే ఇంకొన్ని. డాట్ నెట్‌లో ఇది చాలాకాలం అంతకన్నా ఎక్కువే ఉండేది. 2024 నవంబరులో వచ్చిన తొమ్మిదో వెర్షనులో బాగా తగ్గించారు. మైక్రో, నానో అంటే రెండూ చిన్నవే కదా అనిపిస్తుంది. తేడా వెయ్యి రెట్లు. నిమిషంలో అయ్యే పని పదహారు గంటల నలభై నిమిషాలు పడితే ఎలా ఉంటుందో అలా.

జావాలో ఇంకో ఖర్చు ఉంది. అక్కడ ఎక్సెప్షన్ వస్తువు పుట్టగానే పంచనామా రాసేస్తారు. ఎవరు ఎవరిని పిలిచారు, వాళ్ళని ఎవరు పిలిచారు అని కింది మెట్టు నుంచి మెయిన్ దాకా పేర్లు ఎక్కించాల్సిందే. అదే స్టాక్ ట్రేస్. విసరడం కన్నా ఈ పంచనామాకే ఎక్కువ సమయం పోతుంది. వెబ్ ఫ్రేమ్‌వర్కుల పుణ్యమా అని ఇవాళ మన కోడ్ నలభై యాభై మెట్ల లోతున ఉంటుంది కాబట్టి పంచనామా కూడా అంత పొడుగు. చదవబోమని ముందే తెలిసిన చోట దాన్ని రాయొద్దని చెప్పే వీలు జావా 7 నుంచి కన్‌స్ట్రక్టర్‌లోనే ఇచ్చారు. చాలామంది దాన్ని వాడగా నేను చూడలేదు.

ఇక్కడ చిన్న వింత. ఒకే చోట నల్ పాయింటర్ ఎక్సెప్షన్ పదేపదే పడుతుంటే కొంతసేపటికి జేవీఎమ్‌కే విసుగొస్తుంది. పంచనామా రాయడం మానేసి, ముందే తయారుచేసి పెట్టుకున్న ఖాళీ ఎక్సెప్షన్‌ని విసరడం మొదలుపెడుతుంది. లాగ్‌లో పేరు ఒక్కటే ఉంటుంది, చిరునామా ఉండదు. అర్ధరాత్రి దాన్ని చూసి జుట్టు పీక్కున్నవాళ్ళు నాకు తెలుసు. ఉపాయం తెలియక పీక్కున్నారు గానీ, అదే లాగ్‌లో వెనక్కి వెళ్ళి చూస్తే మొదట్లో పడినవాటికి పూర్తి పంచనామా ఉంటుంది.

లాకు సంగతి కూడా చెప్పాలి. కాలువ మీద లాకు దగ్గర ఎన్ని పడవలు వచ్చినా ఒక విడతకి పట్టినన్నే లోపలికి. తలుపులు మూసి, నీళ్ళు సమం చేసి, అవతలి తలుపులు తెరిచేదాకా మిగతావి ఒడ్డున ఆగాల్సిందే. ప్రోగ్రామింగులోనూ ఆ మాట లాకే. జీసీసీతో కట్టిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాముల్లో ఎక్సెప్షన్ విసిరినప్పుడు పట్టిక వెతకడానికి అందరికీ కలిపి ఒకే లాకు ఉండేది. మీ మెషీన్‌లో కోర్లు ఎన్ని ఉన్నా, అన్నీ ఒకేసారి విసిరితే అన్నీ ఆ లాకు ముందు వరసలో నిలబడాల్సిందే. జర్మనీ ప్రొఫెసర్ థామస్ నాయ్‌మాన్ 2022లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణాల కమిటీకి ఇచ్చిన పత్రంలో దీన్ని కొలిచి చూపించాడు. కోర్లు పెరిగేకొద్దీ పరిస్థితి బాగుపడాల్సింది పోయి దిగజారుతోంది. ఫిర్యాదు చేసి ఊరుకోలేదాయన. ఆయన చేసిన మరమ్మతే 2023లో వచ్చిన జీసీసీ 13లో చేరింది. మీ ఆఫీసులో అంతకన్నా పాత కంపైలర్ నడుస్తుంటే ఆ లాకు ఇంకా మీ కాలువ మీదే ఉండొచ్చు.

చెరువు గట్టు మీద నా నిర్వాకం

కొన్నేళ్ళ కిందట భీమవరం వైపు రొయ్యల చెరువులకి మీటర్లు పెట్టే ఒక చిన్న కంపెనీకి బయట నుంచి జావాలో ప్రోగ్రాము రాసిచ్చాను. సుమారు మూడు వందల చెరువులు. ప్రతి చెరువులో ఒక మీటరు, అయిదు నిమిషాలకోసారి నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో పంపుతుంది. రైతులు దాన్ని డీఓ అంటారు. రోజుకి ఎనభయ్యారు వేల చిల్లర రీడింగులు. తెల్లవారుజామున డీఓ బాగా పడిపోతుంది. రాత్రంతా చెరువులో ప్రతి ప్రాణీ ఆక్సిజన్ పీల్చేదే, ఎండ లేదు కాబట్టి నాచు కొత్తగా తయారుచేసేది ఉండదు. అందుకని నా ప్రోగ్రాము మూడుంబావుకి మొదలై, అంతకుముందు ఇరవై నాలుగు గంటల రీడింగులన్నీ చదివి, ఏ చెరువులు బలహీనంగా ఉన్నాయో తేల్చి నాలుగు లోపల రైతుల ఫోన్లకి మెసేజీ పంపాలి.

మామూలు రోజుల్లో పది నిమిషాల్లో పని అయిపోయేది. అందరూ సంతోషం. ఒకసారి గాలివానకి ఆ మండలమంతా మధ్యాహ్నం పోయిన కరెంటు తెల్లవారుజాము దాకా రాలేదు. ఆ రోజు మెసేజీలు నాలుగు దాటాక వెళ్ళాయి. పొద్దున్నే ఒకాయన ఫోను: "ఏవండీ, రొయ్య పైకి తేలతంది అని నేనే చూసుకుని, జనరేటర్ వేసి గంటైపోయాక వచ్చిందండి మీ మెసేజీ. ఇంక దాంతో నాకేం పనండి?"

గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఫైలు తెరిచి చూస్తే తెలిసింది. కరెంటు పోగానే మీటరు అంకె బదులు రెండు అడ్డగీతలు పంపుతుంది. నా కోడ్ ఆ గీతల్ని అంకెగా మార్చబోయి ఎక్సెప్షన్ విసిరేది. విసిరింది నేరుగా నా చేతికే వస్తే బాగుండేది. మధ్యలో మూడు పొరలు ఉన్నాయి. ప్రతి పొరా దాన్ని పట్టుకుని, తన సొంత ఎక్సెప్షన్‌లో చుట్టి, మళ్ళీ పైకి విసిరేది. ఆ దారిలో డేటాబేసు కనెక్షన్ తెరిచిన మెట్టు ఉంది. అక్కడ "ఏదో తేడా జరిగింది కాబట్టి కనెక్షన్ మూసెయ్" అని నేనే శ్రద్ధగా రాసుకున్నాను. పైన క్యాచ్ దొరికాక వందేసి లైన్ల పంచనామా లాగ్‌లోకి ఎక్కేది. తరవాతి రీడింగు కోసం కనెక్షన్ మళ్ళీ కొత్తగా తెరుచుకునేది. ఆ రోజు రీడింగుల్లో సగం గీతలే. ఒక్కో గీతకీ సెకనులో పదహారో వంతు చొప్పున పోతే, నలభై మూడు వేల గీతలకి ముప్పావుగంట.

ప్రొఫైలర్ పెట్టి కొలిచాను. విసరడానికీ పంచనామా తయారీకీ కలిపి పోయింది మొత్తం మీద రెండు సెకన్ల చిల్లర. మిగతా ముప్పావుగంటా కనెక్షన్ మూసి తెరవడానికీ, ఎవరూ చదవని లాగ్ రాయడానికీ. ఎక్సెప్షన్లు స్లో అని వాదించేవాళ్ళూ, కాదని వాదించేవాళ్ళూ ఆ రెండు సెకన్ల గురించే కొట్టుకుంటారు. దారిలో కూల్చుకుంటూ వచ్చిన ఇళ్ళ లెక్క ఎవరూ తీయరు.

రెండో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఆ ప్రోగ్రాము బాగున్న రోజున వేగంగా, బాగాలేని రోజున నెమ్మదిగా నడిచింది. రైతుకి దానితో అవసరం ఉన్నది సరిగ్గా ఆ బాగాలేని రోజునే. కరెంటు పోతే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగుతాయి, ఏరియేటర్లు ఆగితే డీఓ పడుతుంది, మెసేజీ అప్పుడే కావాలి. ఎక్సెప్షన్ల ఖర్చు గురించి సగటు లెక్కలు చూపించి ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. గోదావరిలో నీటిమట్టం సగటు చూసి గట్టు ఎత్తు ఎవరూ నిర్ణయించరు.

మార్చింది చాలా కొద్ది. చదివే చోటనే, అంకె అయితే తీసుకో, గీతలైతే "రీడింగు లేదు" అని రాసి ముందుకి పో అని నాలుగు లైన్లు. పెద్ద వాన రోజున కూడా నిమిషం లోపే. తరవాత తెలిసింది, "రీడింగు లేదు" అన్నదే ఒక కబురని. ఒకే ఊళ్ళో ఇరవై చెరువులకి ఒకేసారి రీడింగు లేకపోతే అక్కడ కరెంటు పోయినట్టు. ఆ మెసేజీ విడిగా పంపడం మొదలుపెట్టాం. రైతులకి డీఓ అంకె కన్నా అదే ఎక్కువ పనికొచ్చింది. అన్నాళ్ళూ ఎక్సెప్షన్ పేరుతో నేను చెత్తబుట్టలో పడేసింది ఆ కబురునే.

కాజ్‌వే, పడవ

చాకలిపాలెం నుంచి కనకాయలంకకి వెళ్ళే కాజ్‌వే వరదొస్తే మునుగుతుంది. పేపర్లో ఆ ఫొటో ఏటా ఉంటుంది: నడుంలోతు నీళ్ళు, పడవలో సైకిలు, తల మీద సంచి. పేపరు వాళ్ళకి అది వార్త. ఊరివాళ్ళకి కాదు. కాజ్‌వే మునిగితే పడవ ఎక్కుతారు, దిగితే నడుస్తారు. వాళ్ళకి అదొక రుతువు. కాజ్‌వే మునిగిన ప్రతిసారీ ఇల్లు ఖాళీ చేసి శిబిరానికి వెళితే వాళ్ళు వ్యవసాయం చేయలేరు. అదే మనుషులు ఎనభయ్యారులాంటి నీరొస్తే ఇళ్ళు వదిలేసి గట్టెక్కారు. ఏది పడవతో పోయేదో, ఏది పరిగెత్తాల్సిందో వాళ్ళకి ఎవరూ క్లాసు చెప్పలేదు.

మనకి చెప్పాల్సి వస్తోంది. యూజర్ ఫోను నంబరులో తొమ్మిది అంకెలే కొట్టడం, వెతికిన పేరు దొరక్కపోవడం, మీటరు గీతలు పంపడం కాజ్‌వే మునగడం లాంటివి. వీటికి మామూలు ఇఫ్ చాలు, లేదా "దొరకలేదు" అని చెప్పే జవాబు చాలు. డాట్ నెట్‌లో ఇందుకే 2005లో ఇంట్‌కి కూడా ట్రైపార్స్ తెచ్చారు. అంకెగా మారితే అవును, మారకపోతే కాదు, విసరడాల్లేవు. గో భాషలో, రస్ట్ భాషలో మామూలు తప్పులన్నిటికీ ఈ పద్ధతే ముందుంటుంది. డేటాబేసే కూలిపోవడం, డిస్కు నిండిపోవడం, ఎన్నటికీ జరగదనుకున్నది జరగడం మూడో హెచ్చరిక. అక్కడ విసరండి. మైక్రోసెకన్లు లెక్కపెట్టకండి.

మరి ఎంత తరచుగా వస్తే రుతువు కింద లెక్క? జావా పనితీరు మీద ఒరాకిల్‌లో పనిచేసిన అలెక్సీ షిపిలేవ్ 2014లో చాలా ఓపికగా కొలిచి ఒక మోటు లెక్క ఇచ్చాడు: పదివేలసార్లకి ఒకసారి. అంతకన్నా అరుదైతే ఎక్సెప్షన్‌గా ఉంచుకోవచ్చు. నా గీతలు మామూలు రోజుల్లోనే పదికి ఒకటి వచ్చేవి. పదికి ఒకటి వచ్చేదాన్ని ఎక్సెప్షన్ అని పిలవడంలోనే నా పొరపాటు ఉంది, జావాలో లేదు.

ఖర్చుకి భయపడి గట్టు తీసేస్తే

ఇదంతా చదివి ఎవరైనా రేపు పొద్దున్నే వెళ్ళి రక్షణలు తీసేస్తారేమోనని నా భయం. వాళ్ళ కోసం ఇది.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. 40 సెకన్లలోపే దారి తప్పి పేలిపోయింది. కారణం ఒక ఎక్సెప్షన్. రాకెట్ అడ్డంగా ఎంత వేగంతో పోతోందో దానికి సంబంధించిన ఒక విలువని 64 బిట్ల సంఖ్య నుంచి 16 బిట్ల సంఖ్యలోకి మార్చబోతే పట్టలేదు. 16 బిట్లలో 32,767 దాటితే చోటు లేదు. ఏరియాన్ 4 నెమ్మదిగా పోయేది కాబట్టి ఆ విలువ ఎప్పుడూ అంత పెరగలేదు. అదే ప్రోగ్రాముని కొత్త రాకెట్‌కి ఎక్కించారు.

విచారణ నివేదికలో నన్ను పట్టుకున్న భాగం వేరే. ఇలా పొంగే ప్రమాదం ఉన్న విలువలు ఏడున్నాయని ఇంజనీర్లకి ముందే తెలుసు. నాలుగింటికి రక్షణ కట్టారు. మూడింటికి కట్టలేదు. కంప్యూటర్ మీద పని భారం 80 శాతం దాటకూడదని ఒక హద్దు పెట్టుకున్నారు. రక్షణ కోడ్ ఆ హద్దులోకి ఇమడాలి కాబట్టి, ఈ మూడూ ఎలాగూ పొంగవులే అని వదిలేశారు. మనం ఈ అధ్యాయమంతా మాట్లాడుకున్న పెర్ఫార్మెన్స్ ఖర్చే అది. ఆదా చేసిన ఆ కాస్తా చివరికి రాకెట్‌ని తినేసింది.

ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరం. ఎక్సెప్షన్ వస్తే కంప్యూటర్ చెడిపోయినట్టే, ఆపేసి రెండోదానికి అప్పజెప్పాలన్నది నియమం. రెండోదాంట్లోనూ అదే కోడ్, అది రెప్పపాటు ముందే ఆగిపోయింది. ఆగిపోతూ మొదటిది పంపిన తప్పు వివరాన్ని, అంటే మన భాషలో పంచనామాని, రాకెట్‌ని నడిపే కంప్యూటర్ నిజమైన దిశగా చదువుకుంది. ఆ ప్రకారం స్టీరింగ్ తిప్పేసింది. ఇంతా చేసి పొంగిన ఆ విలువ లెక్క నేల మీద ఉన్నంతసేపే అవసరం. ఎగిరాక దానితో ఏ పనీ లేదు. పాత రాకెట్‌లో ఉంది కదా అని ఆపకుండా ఉంచారు.

ఖాళీ క్యాచ్ గురించి రెండు ముక్కలు. పట్టుకుని, లోపల ఏమీ రాయకుండా వదిలేస్తే అంతకన్నా చవకైన పని లేదు. గట్టుకి గండి పడుతున్నా చెప్పని కాపలావాడికి కూడా జీతం అంతే అవుతుంది. అలాంటి కోడ్ మీ కంట పడితే రాసినవాడు మీ టీమ్ లీడరైనా సరే, అడగండి.

ఇదే లెక్క మీ రోజుకి కూడా వర్తిస్తుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక కుర్రాడు రోజుకి ఇరవైసార్లు, "అన్నయ్యా, ఒక్క నిమిషం" అని వచ్చేవాడు. ఒక్కోసారి నా తలలో తెరిచి ఉన్న పదిమెట్ల పని అంతా మూసి, వాడి మాట విని, మళ్ళీ తెరుచుకోవాలి. మొదట కసురుకున్నాను, అది తప్పు. తరవాత ఇద్దరం కూర్చుని వాడి ఇరవై ప్రశ్నలూ రాసి చూస్తే పదిహేడు ఏటా వచ్చే వరదే. వాటికి జవాబులు ఒక కాయితం మీద రాసి వాడి బల్ల ముందు అతికించాం. మిగతా మూడింటికీ నా పని ఏదైనా సరే ఆపి లేపమన్నాను. ఇప్పుడు వాడు లేపితే నేను వెంటనే లేస్తాను.

రేపు ఆఫీసుకి వెళ్ళాక ఒక గంట లాగ్ తీయండి. అందులో ఎక్సెప్షన్లని పేరు వారీగా లెక్కపెట్టండి, ఒక చిన్న స్క్రిప్టుకి పది నిమిషాల పని. పైన ఉన్న పేరు వేలల్లో ఉంటే, దాన్ని విసిరే చోటికి వెళ్ళి అక్కడ మామూలు ఇఫ్ పెట్టండి. అట్టడుగున ఒకటో రెండోసార్లు మాత్రమే కనిపించే పేరు ఉంటుంది. దాని పంచనామా మాత్రం మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవండి.